పిలవని ఉత్తరాలు: ఇన్‌బాక్సులో స్పామ్, చంద్రపూర్ ఉద్యోగార్థి

మహారాష్ట్ర తూర్పు అంచున, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న చంద్రపూర్ జిల్లాలో స్థిరమైన కొలువు అంటే చాలాకాలంగా కొన్ని పేర్లే గుర్తుకొస్తాయి: వర్ధా లోయలోని వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ బొగ్గు గనులు, 2,920 మెగావాట్ల సామర్థ్యం గల సూపర్ థర్మల్ విద్యుత్ కేంద్రం, బల్లార్‌పూర్ కాగితం మిల్లు, భద్రావతి దగ్గరి ఆయుధ కర్మాగారం, రాజురా వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం వెంట పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉన్న రాజురా తాలూకాలోని తెలుగువారికీ ఈ పేర్లు తరతరాలుగా తెలిసినవే. ఒకప్పుడు ఈ కొలువులకు దరఖాస్తు తపాలాలో వెళ్లేది, పిలుపు తపాలాలోనే వచ్చేది. ఇప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపాలి, అందులో మెయిల్ ఐడీ తప్పనిసరిగా రాయాలి, ఆపైన వచ్చే సమాచారంలో ఎక్కువ భాగం ఆ మెయిల్‌కే వస్తుంది.

వచ్చేది అదొక్కటే అయితే ఈ అధ్యాయం అవసరం ఉండేది కాదు. ఒకసారి నాలుగు వెబ్‌సైట్లలో నమోదైన మెయిల్ ఐడీకి అప్పులిస్తామనే ప్రకటనలు, లాటరీ తగిలిందనే శుభవార్తలు, బ్యాంకు ఖాతా స్తంభించిందనే బెదిరింపులు వరుసకడతాయి. వాటి మధ్యనే బొగ్గు సంస్థ చిహ్నం ముద్రించుకొని, 'మీరు ఎంపికయ్యారు, వైద్య పరీక్షకూ శిక్షణకూ డిపాజిట్ కట్టండి' అని అడిగే నియామక పత్రం కూడా వచ్చి కూర్చుంటుంది. తమ పేరు వాడుకొని నకిలీ నియామకాలు జరుపుతున్న వారి గురించి వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ మాతృసంస్థ కోల్ ఇండియా పలుమార్లు హెచ్చరికలు జారీచేసింది. సరిహద్దుకు అవతల, తెలంగాణలోని సింగరేణి బొగ్గు సంస్థ కూడా ఉద్యోగాలిప్పిస్తామనే దళారులను నమ్మవద్దని చెబుతూనే ఉంది. దళారీ పాతవాడే, అతనికి కొత్తగా దొరికింది ఒకే మీటతో లక్షమంది ఇళ్లలోకి తొంగిచూసే సాధనం.

పొందేవారి అనుమతి లేకుండా, పెద్ద సంఖ్యలో, ఒకే మూసలో పంపే మెయిల్‌ను స్పామ్ అంటారు. అందులో కేవలం విసిగించే ప్రకటనలున్నాయి, మోసగించి డబ్బో పాస్‌వర్డో రాబట్టేవీ ఉన్నాయి. ఈ రెండో రకంలో, పేరున్న సంస్థగా నటిస్తూ వివరాలు లాగే వాటిని ఫిషింగ్ అంటారు. భద్రతా సంస్థల అంచనాల్లో ప్రపంచమంతటా తిరిగే మెయిల్‌లో స్పామ్ వాటా ఇంచుమించు సగం. గూగుల్ తన జీమెయిల్‌లో రోజుకు దాదాపు 1,500 కోట్ల అవాంఛిత మెయిళ్లను అడ్డుకుంటున్నట్టు చెబుతుంది. ఇంత ప్రవాహాన్ని అడ్డుకునే విజ్ఞానం ఎలా పనిచేస్తుందో, అది ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలిస్తేనే ఇన్‌బాక్సు యజమాని తన వంతు ఏమిటో గ్రహించగలడు.

పంపడానికి ఖర్చు లేని ఉత్తరం

స్పామ్ చరిత్రలో మొదటి పేరు గ్యారీ థ్యూర్క్‌ది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీలో మార్కెటింగ్ ఉద్యోగి అయిన అతను, 1978 మే నెలలో, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లోని దాదాపు 400 మందికి తన కంపెనీ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని ఒకే సందేశాన్ని పంపాడు. పరిశోధకులు మండిపడ్డారు, నెట్‌వర్క్ నిర్వాహకులు మందలించారు, కానీ ఆ ప్రదర్శనల వల్ల కంప్యూటర్లు మాత్రం అమ్ముడుపోయాయి. 1994 ఏప్రిల్‌లో అరిజోనాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు, కాంటర్, సీగెల్ దంపతులు, అమెరికా గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తులు నింపిపెడతామనే ప్రకటనను వేలాది చర్చావేదికల్లో ఒకేసారి గుమ్మరించి, దాన్నొక వ్యాపార పద్ధతిగా నిలబెట్టారు. భారతదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ తలుపు తెరుచుకున్నది, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా, 1995 ఆగస్టు 15న. అప్పటికే ఈ జాడ్యం బయట బాగా ముదిరింది.

ఎవరూ కోరని ఈ మెయిళ్లు ఎవరికి లాభమన్న ప్రశ్నకు 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియాగో, బర్కిలీ శాఖల పరిశోధకులు విచిత్రమైన మార్గంలో జవాబు వెతికారు. యజమానికి తెలియకుండా వైరస్ సోకి, దూరంగా ఉన్న మరొకరి ఆజ్ఞలు పాటించే కంప్యూటర్ల గుంపును బాట్‌నెట్ అంటారు. అలాంటి 'స్టార్మ్' అనే బాట్‌నెట్‌లోకి వారు చొరబడి, అది పంపే మందుల ప్రకటనల్లోని లింకును తాము కట్టిన ఉత్తుత్తి దుకాణానికి మళ్లించారు. 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల మెయిళ్లు వెళ్లగా, కొనుగోలు చివరి మెట్టు దాకా వచ్చినవారు 28 మంది. అంటే కోటీ ఇరవై లక్షలకు పైగా మెయిళ్లకు ఒక్క గిరాకీ. మరే వ్యాపారమైనా ఈ నిష్పత్తికి మూతపడుతుంది, స్పామ్ మూతపడదు, ఎందుకంటే ఇంకో కోటి పంపడానికి పంపేవాడికి అయ్యే అదనపు ఖర్చు లేనట్టే. కంప్యూటర్లు ఎవరివో, కరెంటు ఎవరిదో, చదివి చెరిపే సమయం ఇంకెవరిదో.

నకిలీ మెయిళ్లలో కంటికి కొట్టొచ్చే తప్పులు ఎందుకుంటాయన్న సందేహానికీ ఈ లెక్కలోనే సమాధానముంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో రాసిన ఒక పత్రంలో, మోసగాడికి మెయిల్ పంపడం చవకే అయినా, జవాబిచ్చినవారితో రోజుల తరబడి మాట్లాడి డబ్బు రాబట్టడం ఖరీదైన పని కాబట్టి, అనుమానించే స్వభావమున్నవారు మొదటి మెయిల్‌తోనే తప్పుకోవడం అతనికి లాభమని గణితంతో చూపించాడు. అసంబద్ధమైన కథ అతని తెలివితక్కువతనానికి గుర్తు కాకపోవచ్చు. అది జవాబిచ్చేవారిని వడపోసే పద్ధతి. అయితే ఈ సూత్రం ఉద్యోగ మోసానికి అంతగా వర్తించదనే చెప్పాలి. నిజంగా దరఖాస్తు చేసి, నిజంగా పిలుపు కోసం ఎదురుచూస్తున్నవారికి వచ్చే నకిలీ పత్రం అసంబద్ధంగా ఉండాల్సిన పనిలేదు, అది సమయానికి వస్తే చాలు.

ఖర్చు లేకపోవడమే రోగమైతే ఖర్చు పెట్టించడమే మందన్న ఆలోచన 1992లోనే పుట్టింది. సింథియా డ్వర్క్, మోనీ నవోర్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞులు, ప్రతి మెయిల్‌కూ ముందు పంపేవారి కంప్యూటర్ ఒక చిన్న లెక్క చేసి తీరాలని ప్రతిపాదించారు. పది మెయిళ్లు పంపేవారికి అది తెలియనంత భారం, పది కోట్లు పంపేవారికి మోయలేనంత భారం. ఆడమ్ బ్యాక్ 1997లో ఇదే దారిలో హ్యాష్‌క్యాష్ అనే పద్ధతిని తయారుచేశాడు. బాట్‌నెట్లు ఇతరుల కంప్యూటర్లతోనే ఆ లెక్కలు చేయించగలవు కాబట్టి మెయిల్ ప్రపంచంలో అది నిలదొక్కుకోలేదు. ఆ ఆలోచన తర్వాత బిట్‌కాయిన్ నిర్మాణంలో తేలింది. స్పామ్‌ను ఆపడానికి పుట్టిన ఉపాయం కరెంటు తాగే నాణెంగా మారడం విజ్ఞాన చరిత్రలోని చమత్కారాల్లో ఒకటి. రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందని బిల్ గేట్స్ దావోస్‌లో ప్రకటించింది 2004 జనవరిలో; ఆ గడువు దాటినా సమస్య తీరలేదు.

పంపినవారి పేరు ఎవరు రాస్తారు

మెయిల్‌ను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు చేరవేసే నియమావళిని 1982 ఆగస్టులో జొనాథన్ పోస్టెల్ లిఖితపూర్వకంగా స్థిరపరిచాడు. సర్వర్ అంటే ఇతర కంప్యూటర్ల అభ్యర్థనలకు సేవ చేసే కంప్యూటర్. నాటి నెట్‌వర్క్ మీద ఉన్నది కొన్ని వందల కేంద్రాలు, వాటిలోని వారంతా దాదాపు పరస్పరం ఎరిగినవారు. అందువల్ల పంపేవారు తాము చెప్పుకొన్నవారేనా అని నిర్ధారించే ఏర్పాటు ఆ నియమావళిలో లేదు. తపాలా కవరు మీద 'ఫ్రం' దగ్గర ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయవచ్చు, పోస్ట్‌మాన్ 'టు' చూసి బట్వాడా చేస్తాడే తప్ప 'ఫ్రం' నిజమా అని విచారించడు. ఈమెయిల్ కూడా అచ్చంగా అలాగే నడిచింది. పైగా ఈమెయిల్‌లో 'ఫ్రం' రెండుచోట్ల ఉంటుంది. సర్వర్లు తమలో తాము చెప్పుకొనే చిరునామా ఒకటి, చదివేవారి తెరమీద కనిపించేది మరొకటి, ఈ రెండూ ఒకటే కావాలన్న నిబంధన మూల నియమాల్లో లేదు.

ఈ లోపాన్ని పూడ్చడానికి ఇరవై ఏళ్లుగా మూడు పొరలు అతికించారు. మొదటిది ఎస్‌పీఎఫ్: ఒక డొమైన్ యజమాని, తన పేరుతో మెయిల్ పంపే అధికారం ఏయే సర్వర్లకు ఉందో బహిరంగ పట్టికలో ప్రకటిస్తాడు, అందుకునే సర్వర్ ఆ పట్టికతో సరిచూసుకుంటుంది. డొమైన్ అంటే మెయిల్ ఐడీలో 'ఎట్' గుర్తుకు కుడివైపున ఉండే సంస్థ చిరునామా. రెండవది డీకిమ్: పంపే సర్వర్ ప్రతి మెయిల్ మీదా గుప్తలిపి శాస్త్రం సాయంతో ఒక డిజిటల్ సంతకం చేస్తుంది, దారిలో సంతకం కిందికి వచ్చే భాగంలో ఒక్క అక్షరం మారినా ఆ సంతకం చెల్లదు. 2012లో వెలుగులోకి వచ్చిన మూడవ పొర డీమార్క్. ఇది పై రెండు పరీక్షల్లో తేలిన డొమైనూ, తెరమీద పాఠకుడికి కనిపించే డొమైనూ ఒకటేనా అని చూస్తుంది, కాకపోతే ఆ మెయిల్‌ను ఏంచేయాలో, అంటే వదిలేయాలా, స్పామ్ పెట్టెలో వేయాలా, గుమ్మంలోనే తిప్పికొట్టాలా అన్నది డొమైన్ యజమానే ముందుగా ప్రకటించే వీలు కల్పిస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపేవారందరికీ ఈ మూడింటినీ తప్పనిసరి చేసి, ఒకే నొక్కుతో చందా రద్దు చేసుకునే సౌకర్యం ఇవ్వాలని, పాఠకుల స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతాన్ని తాకకూడదని షరతు పెట్టింది.

ఇంతా చేసి ఈ పరీక్షలు చెప్పేది ఒక్కటే: మెయిల్ తాను చెప్పుకొంటున్న డొమైన్ నుంచే వచ్చింది. ఆ డొమైన్ యజమాని మంచివాడని అవి చెప్పవు. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ అధికారిక వెబ్‌సైటు 'వెస్టర్న్‌కోల్ డాట్ ఇన్'. ఆ పేరుకు ఒక గీత, 'రిక్రూట్‌మెంట్' అన్న మాట, చివర 'డాట్ కామ్' తగిలించి కొత్త డొమైన్ కొనడం ఎవరికైనా కొన్ని వందల రూపాయల పని, అలా కొన్న డొమైన్‌కు మూడు పొరలనూ సక్రమంగా అమర్చుకోవడం గంట పని. ఇంకా సులభమైన దారి ఉచిత జీమెయిల్ ఖాతా తెరిచి, పంపినవారి పేరు దగ్గర కంపెనీ పేరూ, 'హెచ్ఆర్ విభాగం' అన్న మాటా రాయడం. ఫోన్ తెరమీద పేరు మాత్రమే కనిపిస్తుంది, దాని మీద వేలు నొక్కితే తప్ప అసలు చిరునామా బయటపడదు. చంద్రపూర్‌లో మెయిల్ చూసేవారిలో చాలామంది ఫోన్ మీదే చూస్తారు కాబట్టి ఆ ఒక్క నొక్కు విలువ ఎంతో గ్రహించాలి.

డొమైన్‌ను కుడి నుంచి ఎడమకు చదవాలి. తాడోబా పులుల అభయారణ్యంలో సఫారీ బుకింగ్‌కు అటవీశాఖ వాడే 'మైతాడోబా డాట్ మహాఫారెస్ట్ డాట్ గవ్ డాట్ ఇన్' అన్న చిరునామాలో అధికారం ఉన్నది చివరి భాగంలో: 'గవ్ డాట్ ఇన్' అనే తోక ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు, దానికి ఎడమవైపున ఉన్న భాగాలు ఆ శాఖ తనకు నచ్చినట్టు పెట్టుకున్నవి. అదే చిరునామా మొత్తం ఎడమవైపున ఉండి, తోక దగ్గర 'డాట్ ఆన్‌లైన్' లేదా 'డాట్ ఎక్స్‌వైజడ్' అని ఉంటే, ముందున్న 'గవ్ డాట్ ఇన్' కేవలం అలంకారం. ఎడమ నుంచి చదివే కన్ను మొదట తెలిసిన మాటను పట్టుకొని అక్కడితో ఆగిపోతుందని మోసగాళ్లకు తెలుసు.

కంటిని ఏమార్చే మరో పద్ధతి తెలుగు పాఠకుడికి సులభంగా అర్థమవుతుంది. తెలుగు 'ర'నూ కన్నడ 'ర'నూ పక్కపక్కన పెడితే చాలామంది తేడా చెప్పలేరు, 'గ' కూడా అంతే. కానీ కంప్యూటర్లు అక్షరాలకు అంకెలిచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగు 'ర' సంఖ్య 3120, కన్నడ 'ర' సంఖ్య 3248. కంటికి ఒకటి, యంత్రానికి రెండు. రష్యన్ లిపిలోని కొన్ని అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల మాదిరే ఉండటాన్ని వాడుకొని ప్రసిద్ధ కంపెనీల పేర్లకు నకళ్లు సృష్టించడం ఇలాగే సాగింది. వడపోత యంత్రాన్ని తప్పించుకోవడానికి కూడా స్పామ్ రాసేవారు మాటల్లో ఇలాంటి దొంగ అక్షరాలను దూరుస్తారు. అక్షరాలను ఇలా మార్చి రాసినా మాటను గుర్తుపట్టగల రెట్‌వెక్ అనే పద్ధతిని జీమెయిల్‌లో ప్రవేశపెట్టాక స్పామ్‌ను పట్టుకునే రేటు 38 శాతం మెరుగైందని గూగుల్ 2023 నవంబరులో ప్రకటించింది.

మాటలను తూచే లెక్క

పంపినవారి ఊరూపేరూ చూసి ఆపడం ఒక ఎత్తు, రాసిన విషయం చూసి ఆపడం మరో ఎత్తు. 1990ల చివర్లో అపఖ్యాతి పాలైన సర్వర్ల చిరునామాలతో నిషేధ జాబితాలు వచ్చాయి. పాల్ విక్సీ తదితరులు మొదలుపెట్టిన జాబితా, 1998లో స్టీవ్ లిన్‌ఫర్డ్ స్థాపించిన స్పామ్‌హాస్ వీటిలో పేరొందినవి. ఒక్కోసారి ఒకే దెబ్బకు పెద్ద ఫలితం కనిపించేది. 2008 నవంబరులో, స్పామ్ పంపేవారి సర్వర్లకు చోటిచ్చిన మెకోలో అనే హోస్టింగ్ కంపెనీకి ఇంటర్నెట్ అనుసంధానం తెంచినప్పుడు ప్రపంచ స్పామ్ మూడింట రెండు వంతులు పడిపోయింది, కొన్ని నెలల్లోనే మళ్లీ పుంజుకుంది.

విషయాన్ని చూసి నిర్ణయించే పద్ధతికి మూలం పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు మతాచార్యుడు థామస్ బేయిస్ రాసిన సంభావ్యతా సిద్ధాంతం, అది ఆయన మరణానంతరం 1763లో అచ్చయింది. కొత్త సాక్ష్యం దొరికినప్పుడు పాత నమ్మకాన్ని ఎంతమేరకు సవరించుకోవాలో ఆ సూత్రం చెబుతుంది. దాన్ని స్పామ్‌కు అన్వయిస్తూ 1998లో మెహ్రాన్ సహామీ, మరో ముగ్గురు పరిశోధన పత్రం రాశారు. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ రాసిన వ్యాసంతో అది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

లెక్క కష్టమైనది కాదు. ఉదాహరణకు ఒక ఉద్యోగార్థికి వచ్చిన 100 మెయిళ్లలో 60 స్పామ్, 40 మంచివి అనుకుందాం. 'డిపాజిట్' అన్న మాట 60 స్పామ్ మెయిళ్లలో 30 చోట్ల, 40 మంచి మెయిళ్లలో 2 చోట్ల కనిపించింది. అంటే ఆ మాట ఉన్న 32 మెయిళ్లలో 30 స్పామే కాబట్టి, అదే మాటతో వచ్చే కొత్త మెయిల్ స్పామ్ అయ్యే అవకాశం దాదాపు 94 శాతం. ఇప్పుడు ఆ మెయిల్‌లో 'కాలరీ' అన్న మాట కూడా ఉందనుకుందాం. బొగ్గు గనికి గని కార్మికుల వాడుక మాటైన అది, 60 స్పామ్ మెయిళ్లలో 3 చోట్ల, 40 మంచి మెయిళ్లలో 12 చోట్ల ఉంది. రెండు సాక్ష్యాలనూ కలిపి గుణిస్తే స్పామ్ అవకాశం 71 శాతానికి దిగుతుంది. ఒక మాట నేరం మోపితే మరో మాట పూచీ పడుతుంది, అన్ని మాటల వాంగ్మూలాలనూ కలిపి తీర్పు వస్తుంది.

ఈ లెక్కకున్న గొప్ప గుణం అది స్థానికం కావడం. 'కాలరీ' అన్న మాట బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మెయిల్‌లో ఎన్నడూ రాదు, వస్తే అనుమానించదగ్గదే. అదే మాట మాజ్రీ, బల్లార్‌పూర్ గనుల పరిసరాల్లోని మనిషికి నిత్య వ్యవహారం. తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ కలిసిన మెయిళ్లు వచ్చే చంద్రపూర్ ఇన్‌బాక్సుకు ఢిల్లీలోనో కాలిఫోర్నియాలోనో తయారైన సార్వత్రిక జాబితా కన్నా, ఆ యజమాని స్వయంగా ఏది స్పామో ఏది కాదో చూపిస్తూ పోయిన వడపోత మేలుగా పనిచేస్తుంది. తెలుగుకు మరో చిక్కుంది: విభక్తులూ సంధులూ మాటకు అతుక్కుపోవడం వల్ల 'ఉద్యోగం', 'ఉద్యోగానికి', 'ఉద్యోగమిస్తాం' అన్నవి మాటలను విడివిడిగా లెక్కించే యంత్రానికి సంబంధం లేని మూడు మాటలుగా కనిపిస్తాయి. అందువల్ల ఇలాంటి భాషలకు మొత్తం మాటలను కాక, మూడు నాలుగు అక్షరాల తునకలను లెక్కించే పద్ధతులు నయం. నేటి పెద్ద మెయిల్ సేవలు బేయిస్ సూత్రాన్ని దాటి నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) నమూనాల దాకా వెళ్లాయి, అయినా 'పాఠకుడి తీర్పు నుంచి నేర్చుకో' అన్న మూలసూత్రం మారలేదు.

ఈ లెక్కకున్న బలహీనత కూడా ఇక్కడే కనిపిస్తుంది. నకిలీ నియామక పత్రం అసలు పత్రంలోని ప్రతి మాటనూ నకలు చేస్తుంది, కాబట్టి మాటలు తూచితే రెండూ ఒకే బరువు తూగుతాయి. వడపోత బిగిస్తే అసలు ఇంటర్వ్యూ పిలుపు స్పామ్ పెట్టెలో పడుతుంది, సడలిస్తే నకిలీది ఇన్‌బాక్సులోకి వస్తుంది. మంచి మెయిల్‌ను స్పామ్‌గా పొరబడటాన్ని గ్రాహమ్ అన్నిటికన్నా పెద్ద నేరంగా భావించి, మంచి మెయిళ్లలో కనిపించిన మాటల సంఖ్యను కావాలనే రెట్టింపు చేసి లెక్కించాడు. వంద లాటరీ ప్రకటనలు చదవాల్సి రావడం కన్నా ఒక్క హాల్‌టికెట్టు పోవడం పెద్ద నష్టమని ఉద్యోగార్థికి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ పక్షపాతం సరైనదే. జీమెయిల్ స్పామ్ పెట్టెలోని మెయిళ్లు 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి కాబట్టి, దరఖాస్తు పెట్టి ఎదురుచూసేవారు వారానికోసారైనా ఆ పెట్టె తెరిచి చూడటం అవసరం.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

ఉద్యోగార్థులకు వలవేసే మెయిల్ భారత న్యాయస్థానం ముందుకు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘమైన నాస్కామ్ పేరుతో మెయిళ్లు పంపి, నియామకాల నిమిత్తం వ్యక్తిగత వివరాలు సేకరించిన ఒక ప్లేస్‌మెంట్ ఏజెన్సీ మీద వేసిన దావాలో, ఢిల్లీ హైకోర్టు 2005 మార్చిలో, ఫిషింగ్ గురించి ప్రత్యేక చట్టం లేకపోయినా అది చట్టవిరుద్ధమేనని పేర్కొంది. ప్రతివాదులు 16 లక్షల రూపాయల పరిహారానికి ఒప్పుకొని రాజీపడ్డారు. 2008లో సవరించిన సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్, విసిగించే ఉద్దేశంతో గానీ, ఎక్కడి నుంచి వచ్చిందో తప్పుదారి పట్టించేలా గానీ మెయిల్ పంపడాన్ని నేరం చేసింది. ఆ సెక్షన్‌ను భావప్రకటన మీద ప్రయోగించిన తీరు దేశమంతా విమర్శల పాలైంది, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని మొత్తంగా కొట్టివేసింది. తీర్పు సరైనదే, కానీ స్పామ్‌కు దగ్గరగా వచ్చిన ఒకే ఒక్క వాక్యం కూడా దానితోపాటే పోయింది, దాని స్థానంలో మరొకటి రాయడానికి ఎవరూ పూనుకోలేదు.

అవాంఛిత ఫోన్లకూ ఎస్సెమ్మెస్‌లకూ టెలికాం నియంత్రణ సంస్థ నిబంధనలున్నాయి, 1909కు ఫోన్ చేసి వద్దని చెప్పవచ్చు. ఆ నిబంధనలు ఈమెయిల్‌కు వర్తించవు. అమెరికా 2003లోనే ప్రకటనల మెయిళ్ల మీద ప్రత్యేక చట్టం చేసింది. భారతదేశంలో మిగిలింది, మరొకరిగా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేసినవారికి మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధించే 66డి సెక్షన్. అది మోసానికి వర్తిస్తుంది, ఉత్త విసుగుకు కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మెయిల్ ఐడీ వంటి వివరాలను వాడుకోవడానికి సమ్మతి అవసరమంటుంది కనుక, స్పామ్‌కు చిరునామాలు అమ్ముకునే బజారు మీద ముందుముందు దాని ప్రభావం ఉండవచ్చు.

యజమాని చేతిలో ఉన్నది

చట్టం ఇంత దూరంలో ఉన్నప్పుడు మొదటి జాగ్రత్త మెయిల్ ఐడీ పుట్టుకలోనే తీసుకోవాలి. మహా ఈ-సేవా కేంద్రాల్లో, ఇంటర్నెట్ దుకాణాల్లో, సరిహద్దు అవతలి తెలంగాణ మీసేవల్లో దరఖాస్తు నింపే వ్యక్తే అప్పటికప్పుడు ఒక మెయిల్ ఐడీ సృష్టించి, పాస్‌వర్డు కూడా తానే పెట్టడం సాధారణం. ఉద్యోగార్థి పేరుతో ఉన్న ఆ ఇన్‌బాక్సు తాళం మరొకరి జేబులో ఉంటుంది, ఒకే మూస పాస్‌వర్డు పదిమంది ఖాతాలకూ సరిపోతుంది. అలా తెరిచిన ఖాతాకు ఇంటికి వెళ్లిన రోజే పాస్‌వర్డు మార్చి, ఖాతాను తిరిగి పొందడానికి వాడే ఫోన్ నంబరు సొంతదే పెట్టి, రెండంచెల ధ్రువీకరణను, అంటే పాస్‌వర్డుతోపాటు ఫోన్‌కు వచ్చే అనుమతిని కూడా అడిగే ఏర్పాటును, అమర్చుకోవాలి. ఈ ఒక్క పనీ చేయకుండా మిగతా జాగ్రత్తలన్నీ తీసుకోవడం వృథా.

ఉద్యోగాలకూ బ్యాంకుకూ ఒక ఐడీ, దుకాణాల కూపన్లకూ ఆటల యాప్‌లకూ వేరొక ఐడీ ఉంచుకోవడం రెండవది. జీమెయిల్‌లో ఇందుకో చిట్కా ఉంది: 'ఎట్' గుర్తుకు ముందు 'ప్లస్' గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా మెయిల్ అదే ఇన్‌బాక్సుకు వస్తుంది, కాబట్టి ఏ వెబ్‌సైటుకు ఏ మాట చేర్చి ఇచ్చారో గుర్తుంటే చిరునామా ఎవరి దగ్గర లీకయిందో తెలిసిపోతుంది. తెలియని మెయిల్‌లోని బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా అమరిక మార్చడం కూడా మంచిదే, ఎందుకంటే కంటికి కనిపించనంత చిన్న బొమ్మను పొదిగి, అది తెరుచుకోగానే ఈ ఐడీ సజీవంగా ఉందని పంపినవారు నిర్ధారించుకుంటారు.

చందా రద్దు మీట విషయంలో గందరగోళం ఎక్కువ. తెలిసిన దుకాణం, వార్తాపత్రిక, యాత్రా సంస్థ పంపే ప్రకటనలకు దాన్ని వాడవచ్చు, నిజాయితీగల సంస్థలు ఆపేస్తాయి. ఎన్నడూ ఎరుగనివారు పంపిన మెయిల్‌లోని లింకు నొక్కడం మాత్రం ఇక్కడ మనిషి ఉన్నాడని చాటింపు వేయడమే; అక్కడ వాడాల్సింది మెయిల్ సేవలోనే ఉండే 'స్పామ్‌గా నివేదించు' మీట. చెరిపేయడానికీ నివేదించడానికీ తేడా పెద్దది. చెరిపితే ఒక మెయిల్ పోతుంది, నివేదిస్తే ఆ తీర్పు పైన చెప్పిన లెక్కలోకి చేరి, అదే మెయిల్ చేరబోయే పొరుగువారి ఇన్‌బాక్సులకు కూడా పనికొస్తుంది.

నియామక పత్రం దగ్గరకు వస్తే పరీక్ష ఇంకా సూటిది. దరఖాస్తు రుసుము ఉంటే అది నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది, దరఖాస్తు వేళనే, సంస్థ సొంత వెబ్‌సైటులోనే చెల్లిస్తారు. ఎంపికయ్యాక శిక్షణకో యూనిఫాంకో వైద్య పరీక్షకో ఒక వ్యక్తి యూపీఐ ఐడీకి డబ్బు పంపమని ప్రభుత్వరంగ సంస్థ అడగదు. మెయిల్‌లోని లింకును వదిలి, సంస్థ వెబ్‌సైటు చిరునామాను బ్రౌజర్‌లో స్వయంగా టైపు చేసి ఫలితాల జాబితా చూసుకోవడం, లేదా బల్లార్‌పూర్‌లోనో మాజ్రీలోనో ఉన్న ఏరియా కార్యాలయానికి పత్రం ముద్రించుకొని వెళ్లి అడగడం, ఏ వడపోత యంత్రం కన్నా నమ్మదగిన పరీక్షలు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ నేర పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోకముందే స్తంభింపజేయడానికి గంటలు కూడా లెక్కకొస్తాయి. మోసపోయిన కోపంలోనో సిగ్గుతోనో ఆ మెయిల్‌ను చెరిపేయకూడదు. తెరమీద కనిపించని శీర్షిక సమాచారంలో అది ఏ సర్వర్ నుంచి బయలుదేరింది, ఏయే పరీక్షల్లో నెగ్గింది, ఏ గంటకు చేరింది అన్న వివరాలన్నీ ఉంటాయి, స్క్రీన్‌షాట్‌లో అవి రావు. పోలీసులకు కావాల్సింది ఆ మూల మెయిలే.